కదలిన పంటికి ఆధారం

పన్ను కదిలితే ఇక పీకించుకోవడమే మార్గమని మనలో చాలామంది అనుకుంటాము. "వయసు మీద పడింది, పండ్లు ఊడక ఏమవుతాయి?" అని పెద్దలు సరిపెట్టుకుంటారు. ప్రియ పాఠకులారా, పెద్దవారి పండ్లు ఊడటానికి వయసు ఒక్కటే కారణం కాదు. చాలావరకు చిగుళ్ళ వ్యాధి కారణం. మా అమ్మగారి వైద్యం వలన మా కుటుంబానికి తెలిసిన సంగతులు మీకు కూడ ఉపయోగపడునని వ్రాస్తున్నాము.

మా అమ్మగారు సికింద్రాబాదులో చాలాకాలం టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. మేము ముగ్గురం పిల్లలం. కొంతకాలం క్రిందట అమ్మకు క్రింది దవడలో కుడివైపు రెండు పండ్లు కదలసాగాయి. జొన్నరొట్టె మానేసింది. నవ్వు వచ్చినా చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకొనేది. బ్రష్ మీద రక్తం మాత్రం ఎన్నో ఏండ్లుగా కనబడుతున్నదట. నొప్పి లేదు గనుక ఎవరికీ చెప్పలేదు. ఈ వ్యాధి చేసే మోసం ఇదే, నొప్పి లేకుండానే లోపల ఎముకను తినివేస్తుంది.

ఆరోగ్యంగా ఉన్న నోటిలో పంటికీ చిగురుకూ మధ్య సందు 1 నుండి 3 మిల్లీమీటర్ల లోతు మాత్రమే ఉంటుంది. పంటి మీది పాచి గట్టిపడి గారగా మారుతుంది. దాని మీద చేరే సూక్ష్మక్రిములతో శరీరం చేసే పోరాటంలో పంటిని పట్టుకొనియున్న ఎముకే కరిగిపోతుంది. చిగుళ్ళ నిపుణురాలు సన్నని కొలత కడ్డీతో చూడగా అమ్మకు ఒకచోట 8 మిల్లీమీటర్ల లోతు వచ్చింది. అలా పోయిన ఎముక తనంతట తాను తిరిగి రాదు.

డాక్టరమ్మ వెంటనే ఆపరేషన్ అనలేదు. మొదట గార తీసి, చిగురు లోపల వేళ్ళను శుభ్రం చేశారు. అమ్మకు షుగరు ఉన్నది. షుగరు ఎక్కువైతే చిగుళ్ళు చెడతాయి, చిగుళ్ళు చెడితే షుగరు అదుపు తప్పుతుంది. కాబట్టి ముందు దానిని అదుపులోనికి తెమ్మన్నారు. పొగ, గుట్కా అలవాటున్నవారికి ఈ చికిత్స సరిగా ఫలించదని కూడ చెప్పారు. రెండు నెలల తరువాత మరల కొలిచారు. రెండు పండ్లలో ఒకదానిని కాపాడలేమని స్పష్టంగా చెప్పి తీసివేశారు. రెండవదానికి మాత్రం ఆశ ఉన్నదన్నారు. "దీని ప్రక్కన ఎముక గుంతపడింది గాని, మూడు వైపులా గోడలు నిలిచియున్నాయి. గుంతలో పోసిన మట్టి నిలుస్తుంది, చదును నేల మీద పోసింది నిలవదు కదా టీచర్ గారూ" అన్నారు.

ఆ గుంతలో పోసేది ఎముక పొడి. అది ఎక్కడిదని అమ్మ అడిగింది. రోగి దవడ నుండే కొంత తీయవచ్చు. పశువుల ఎముకను శుద్ధిచేసి తయారుచేసినది ఉన్నది. కృత్రిమంగా చేసినదీ ఉన్నది. మరొకటి, మనుష్యులు దానమిచ్చినది. కన్నుమూసినవారి నుండి గాని, తుంటి ఆపరేషన్‌లో తొలగించిన భాగం నుండి గాని తీసుకొని, పరీక్షించి, శుద్ధిచేసి భద్రపరుస్తారు. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో ఇట్టి టిష్యూ బ్యాంకు ఉన్నది. ఆవు ఎముక అనగానే వద్దనేవారు ఉంటారు గనుక, ఏది వాడుతారో ముందే చెప్పి సంతకం తీసుకుంటారు.

ఆ రాత్రి మా ఇంటిలో పెద్ద చర్చ జరిగింది. తమ్ముడు కృత్రిమమైనదే మేలన్నాడు. పెద్దక్కకు మరొకరి ఎముక అనగానే ఒళ్ళు జలదరించింది. అంత ఖర్చు పెట్టి ఒక్క పన్ను నిలబెట్టుకోవడం అవసరమా అన్న మాట కూడ వచ్చింది. అమ్మ అంతా విని, "రక్తం ఎక్కించుకొనేటప్పుడు ఎవరిదని అడుగుతామా? ఇచ్చినవారు నాలాంటివారి కొరకే ఇచ్చారు" అన్నది. మేమింక మాట్లాడలేదు. ఖర్చు ముగ్గురం పంచుకున్నాము.

మత్తు సూది ఇచ్చి, చిగురును తెరచి, లోపల శుభ్రంచేసి, గుంతలో పొడి నింపి, పైన ఒక పలుచని పొర కప్పి కుట్లు వేశారు. పొర ఎందుకంటే, చిగురు కణాలు త్వరగా పెరుగుతాయి, ఎముక కణాలు నిదానంగా పెరుగుతాయి. అడ్డు లేకపోతే చిగురే ముందుగా వచ్చి ఆ చోటును ఆక్రమిస్తుంది. స్వీడన్‌లో స్ట్యూరె నీమన్ బృందం ప్రయోగశాలలోని వడపోత పొరను ఒక రోగి క్రింది పన్నుకు అడ్డుపెట్టి ఈ సంగతిని 1982లో లోకానికి చూపించింది. ఫ్రాన్సులో జోసెఫ్ షుక్రూన్ 2001లో తెలిపిన మరో పద్ధతి ఉన్నది. రోగి రక్తాన్నే కొంచెం తీసి యంత్రంలో తిప్పి, వచ్చిన గడ్డను గాయంలో ఉంచుతారు.

తరువాతి పని ఓపిక పట్టడమే. ఆరు నెలలు అక్కడ కడ్డీతో కొలవలేదు. తొమ్మిదవ నెలలో కొలిస్తే 8 ఉన్నది 4కు తగ్గింది. ఎక్స్‌రేలో గుంత చాలావరకు తెల్లగా కనిపించగా మేము సంతోషించాము. నింపిన పొడి కూడ తెల్లగానే కనబడుతుందనీ, బొమ్మ ఒక్కటే చూసి పొంగిపోవద్దనీ డాక్టరమ్మ హెచ్చరించారు. పన్ను గట్టిపడింది, కాని పూర్వమున్నంత ఎముక రాలేదు.

ఇప్పుడు అమ్మ ప్రతి రాత్రి పండ్ల సందులలో చిన్న బ్రష్ పెట్టి శుభ్రం చేసుకుంటుంది. మూడు నెలలకొకసారి తప్పక చూపించుకుంటుంది. అది మానితే నింపిన ఎముక కూడ నిలవదు.

మీ ఇంటి పెద్దలను ఈరోజే అడగండి: బ్రష్ మీద రక్తం కనబడుతున్నదా? నోరు వాసన వస్తున్నదా? పండ్ల మధ్య సందులు పెరిగాయా? అవునంటే పన్ను కదిలేవరకు ఆగవద్దు. సికింద్రాబాదులో ఆర్మీ దంత వైద్య కళాశాల, అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉన్నాయి. ఇట్టి కళాశాలల్లో చిగుళ్ళకు ప్రత్యేక విభాగముంటుంది. మొదట్లోనే వెళ్తే చాలామందికి గార తీయించుకోవడంతోనే సరిపోతుంది, ఎముక పొడి వరకు పోనవసరం లేదు.