పాత మిద్దెలో బాయిలర్: మేలూ, కీడూ

సోమందేపల్లె ప్రాంతపు పాత మిద్దెల్లో నీళ్లు కాచే రాగి బాయిలర్‌ను మీరు చూసే ఉంటారు. నడుమ గొట్టంలో నిప్పు, చుట్టూ నీళ్లు. మల్బరీ కట్టెలు, కొబ్బరి మట్టలు, వేరుశనగ పొట్టు, ఏది దొరికినా చాలు. కరెంటు లేకున్నా ఇంటిల్లిపాదికీ వేడినీళ్లు అందుతాయి. ఈ మేలును నేను కాదనను.

అయితే ఆనాటి మిద్దెకు గవాక్షి ఉండేది; పొగ అందులోంచి పోయేది. వాన పడుతుందని మా ఇంట్లో దానిని మూసివేశాం. ఒక చలికాలపు ఉదయం మా అమ్మ స్నానాల గదిలో సొమ్మసిల్లింది. వైద్యుడినైన నేనే మొదట రక్తపోటును అనుమానించాను. కారణం బాయిలర్‌లోని నిప్పులు.

గాలి చాలక మండే నిప్పునుండి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ వాసనా లేవు. అది హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. పొగ కనిపించని నిప్పుకణికలూ, గ్యాస్ గీజరూ ఇందుకు మినహాయింపు కావు.

స్నానం చేస్తుండగా తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం కలిగితే పైత్యమని సరిపెట్టుకోకండి. వెంటనే బయటి గాలిలోకి వచ్చి, ఆసుపత్రికి వెళ్లండి.

కరెంటు గీజరుకు ఈ ముప్పు లేదు గాని, ఎర్తింగ్ సరిగా ఉండాలి. ఉప్పుబోరు నీటికి కడ్డీ పెచ్చులు కడుతుంది. బాయిలరే కావాలంటే పెరట్లో పెట్టుకోండి. నీళ్లు లోపలికి రావాలి గాని, నిప్పు రాకూడదు.