ఉచితంగా ఓ సంబంధం!

ఫిల్మ్‌నగర్‌లో ప్రేమకథలకు కొదవేముంది! ఏ టీ బంకు దగ్గర నిలబడినా చాలు... ఒక్కో అసిస్టెంట్ డైరెక్టర్ దగ్గర రెండేసి ఉంటాయి. వర్షంలో కలిసేవి, రైల్లో కలిసేవి, ఢీకొని పుస్తకాలు కిందపడితే మొదలయ్యేవి. సినిమా పేజీ కోసం పదేళ్లుగా జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి కృష్ణానగర్ దాకా తిరుగుతూ ఇలాంటివి ఎన్ని విన్నానో! కానీ నిజంగా తోడు కావాలనుకునే మనిషి ఎక్కడ వెతుక్కోవాలో మాత్రం ఏ కథలోనూ చెప్పరు.

ఆ ప్రశ్న డల్లాస్ నుంచి మా అక్క అడిగింది. పెద్దనాన్న కూతురు. ముప్ఫై తొమ్మిదేళ్లు. విడాకులై నాలుగేళ్లయింది. "ఒసేయ్, నువ్వు పేపర్లో పనిచేస్తావుగా... డబ్బు కట్టక్కర్లేని మంచి సైటేదో చూసి చెప్పు. ఇంట్లో మాత్రం అనకు" అంది.

ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయాను. మొదటి పెళ్లికి చుట్టాలంతా కలిసి సంబంధాలు వెతికారు. ఇప్పుడు మాత్రం ఆమె ఒక్కతే, అందరూ పడుకున్నాక ఫోన్ ముందేసుకుని వెతుక్కోవాలి. పెళ్లిళ్ల పేరయ్యలు కూడా 'రెండో పెళ్లి' అనగానే యాభై దాటినవాళ్ల జాబితా తీస్తారు. సైటే నయమని ఆమె అనుకోవడంలో వింతేముంది?

ఎవరా ఏషియన్లు?

అక్కకి లండన్‌లో ఉన్న స్నేహితురాలు ఓ సలహా ఇచ్చిందట... 'ఏషియన్ సింగిల్స్ అని కొట్టి వెతుకు, మనవాళ్లు బోలెడుమంది' అని. అక్క అలాగే చేసింది. వచ్చినవాళ్లంతా కొరియా, వియత్నాం, ఫిలిప్పీన్స్, చైనా మూలాలున్నవాళ్లు! అందరూ మంచివాళ్లే కావచ్చు. కానీ అక్కకి కావాల్సింది ఆవకాయ అన్నం గురించి వివరించి చెప్పనక్కర్లేని మనిషి.

ఇందులో స్నేహితురాలి తప్పేం లేదు. బ్రిటన్‌లో మామూలుగా 'ఏషియన్' అంటే భారత్, పాకిస్థాన్, బంగ్లాదేశ్ మూలాలవాళ్లే. అమెరికాలో జనాభా లెక్కల్లో మనల్నీ ఏషియన్ల కిందే రాసుకున్నా, వాడుకలో ఆ మాట వినగానే చాలామందికి తూర్పు ఆసియావాళ్లే గుర్తొస్తారు. మనవాళ్లు కావాలంటే అక్కడ 'సౌత్ ఏషియన్' అనో 'దేశీ' అనో వెతకాలి. 2014లో వచ్చిన దిల్ మిల్ లాంటి యాప్ పెట్టింది విదేశాల్లోని ఆ దక్షిణాసియా వాళ్ల కోసమే. భాష కూడా కలవాలంటే తెలుగు మ్యాట్రిమొనీ సైట్లు ఉండనే ఉన్నాయి. సైటు ఎంచుకోవడంలో మొదటి మెట్టు డబ్బు కాదు... మనం వెతికే మనుషులు అసలు అందులో ఉన్నారా అన్నది!

ఫ్రీ ఎంతవరకు?

రెండో ప్రశ్న డబ్బుది. ఓకేక్యుపిడ్ అనే సైటు 2004లో అమెరికాలో మొదలైంది. చేరడం, సందేశాలు పంపడం ఉచితం. 'ఆన్‌లైన్ డేటింగ్‌కి మీరెందుకు డబ్బు కట్టకూడదు' అంటూ 2010లో ఆ సైటువాళ్లే లెక్కలతో సహా పెద్ద వ్యాసం రాశారు. సైటుకి డబ్బు కట్టేవాళ్లు కొద్దిమంది, కట్టనివాళ్లు ఎక్కువమంది కాబట్టి, కట్టినవాళ్లు పంపే సందేశాలకు జవాబివ్వలేని ఖాతాలే ఎక్కువ ఉంటాయన్నది వాళ్ల వాదన. మరుసటి ఏడాది, 2011లో, డబ్బు తీసుకునే మ్యాచ్ సంస్థ అయిదు కోట్ల డాలర్లిచ్చి ఓకేక్యుపిడ్‌ని కొనేసింది. ఆ వ్యాసం కాస్తా మాయమైపోయింది!

మన మ్యాట్రిమొనీ సైట్ల లెక్క వేరు. పేరు నమోదు ఉచితం, చూడటం ఉచితం. ఫోన్ నంబరు కావాలంటే మాత్రం డబ్బు కట్టాలి. గుడిలోకి ఉచితం, గర్భగుడి దగ్గర టికెట్టు అన్నమాట. అయినా అందులో ఓ సౌకర్యం ఉంది. మనం కట్టకపోయినా, కట్టిన అవతలివాళ్లు మనల్ని పలకరించవచ్చు. కాబట్టి అక్కకి నేను చెప్పింది ఒక్కటే... "ముందు ఓ నెల ఫ్రీగా ఉండి చూడు. నీకు సరిపడేవాళ్లు పదిమంది కూడా కనిపించని చోట డబ్బు కట్టినా కొత్తగా పుట్టుకురారు."

పెళ్లికా, పరిచయానికా అన్నదీ ముందే తేల్చుకోవాలి. మన దేశంలో 2016లో కేంద్ర ప్రభుత్వం మ్యాట్రిమొనీ సైట్లకు మార్గదర్శకాలిచ్చింది. ఇది పెళ్లి సంబంధాల కోసమే, డేటింగ్ కోసం కాదని సైట్లు స్పష్టంగా చెప్పాలని, చేరేవాళ్ల గుర్తింపు పత్రాలు చూడాలని అందులో ఉంది. అయినా పత్రం చూసినంత మాత్రాన మనిషిని చూసినట్టు కాదుగా!

జూబ్లీహిల్స్ ఎర

'వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు' అన్న మన సామెతని మోసగాళ్లు బాగా వంటబట్టించుకున్నారు. 2020 మే నెలలో జూబ్లీహిల్స్ పోలీసులు ఓ కేసు బయటపెట్టారు. పెళ్లి సంబంధాల సైటులో డాక్టరునని చెప్పుకున్న ఓ మహిళ, జూబ్లీహిల్స్‌లో ఆస్తి ఉందనీ దానిమీద వివాదాలున్నాయనీ నమ్మించి, కాలిఫోర్నియాలో ఉద్యోగం చేసే ఇంజినీరు దగ్గర దాదాపు 65 లక్షల రూపాయలు తీసుకుందన్నది ఆరోపణ. ఎర ఏంటో గమనించారా? మా వీధుల పేరే! జూబ్లీహిల్స్ అనగానే సముద్రాల అవతల కూడా కళ్లముందు బంగళా కనిపిస్తుంది. ఇక్కడే గదికి నలుగురు సర్దుకుని అద్దె పంచుకునేవాళ్లు కూడా ఉన్నారని ఎవరికి తెలుసు?

అక్కకి వచ్చిన మూడు ఫోటోలను కృష్ణానగర్‌లో ఉండే స్టిల్ ఫోటోగ్రాఫర్ మిత్రుడికి చూపించాను. ముఖాలు చూడకుండా నేరుగా కళ్లు పెద్దవి చేసి చూశాడు. "ఈ కనుపాపల్లో రెండు తెల్లటి చదరాలు కనిపిస్తున్నాయా? అవి స్టూడియో లైట్లు మేడమ్. ఇంట్లో తీసుకున్న ఫోటో అయితే ఇందులో కిటికీయో ట్యూబులైటో ఉండాలి" అన్నాడు. స్టూడియోలో దిగినంత మాత్రాన దొంగ కాదులెండి. కానీ 'నా స్నేహితుడు ఫోన్లో తీశాడు' అని చెప్పిన ఫోటో అది! గూగుల్‌లో ఫోటోతోనే వెతికితే ఏదో చొక్కాల ప్రకటనలో అదే మనిషి నవ్వుతున్నాడు. ఇప్పుడు కృత్రిమ మేధతో అసలు లేని మనిషి ఫోటోనీ పుట్టించవచ్చు కాబట్టి ఈ పరీక్ష కూడా చాలదు. వీడియోలో మాట్లాడాలి. నలుగురూ తిరిగే చోట కలవాలి. కలవకముందే డబ్బు మాట వచ్చిందా... అక్కడితో సరి. డబ్బు పోయిందంటే మన దగ్గర వెంటనే 1930కి ఫోన్ చేయాలి. అమెరికాలో అయితే ఎఫ్‌బీఐ వారి ఐసీ3లో ఫిర్యాదు చేయాలి.

ఆ ఒక్క గడి

అక్కకి అన్నిటికన్నా కష్టమైంది ఇవేవీ కాదు. 'ప్రొఫైల్ ఎవరు తయారుచేశారు?' అన్న గడి. తల్లిదండ్రులు, తోబుట్టువులు, బంధువులు, స్వయంగా... అని వరసగా ఉంటాయి. "స్వయంగా అని పెడితే ఎవరూ లేనిదాన్ననుకుంటారేమోనే" అంది. పక్కనే 'వైవాహిక స్థితి'. అక్కడ కూడా 'విడాకులు' అని నొక్కడానికి రెండు రోజులు ఆగింది.

నేనేం చెప్పలేదు. ముప్ఫై ఆరేళ్ల వయసులో పెళ్లి కాకుండా ఉన్నదాన్ని... ఆ గడులు మనిషిని ఎలా చూస్తాయో నాకూ తెలుసు. చివరికి అక్కే రెండూ ఉన్నదున్నట్టు నింపింది. నిజం రాస్తే తక్కువమంది వస్తారు. కానీ వచ్చేవాళ్లు ఆ నిజం తెలిసే వస్తారు. వాళ్ల ముందు మళ్లీ మొదటినుంచీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. తెలుగు సైటు ఒకటి, దేశీ యాప్ ఒకటి... రెండే ఉంచుకుని మిగతావన్నీ తీసేసింది. ఇప్పటికి ఇద్దరితో మాట్లాడుతోంది. ఏమవుతుందో చూడాలి.

పోయిన వారం పెద్దమ్మకి తనే ఫోన్ చేసి సంగతంతా చెప్పేసిందట. పెద్దమ్మ చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత నెమ్మదిగా "డబ్బులేమైనా కట్టావా?" అని అడిగిందట.

"లేదమ్మా, ఫ్రీయే."

"అయితే ఆ ఇద్దరితోనే ఆగకు. ఇంకో నలుగుర్ని చూడు!"