వదలని హోరు, వదలాల్సిన పోరు

పల్నాడులో ఈ బాధకు ఒక్క పేరంటూ లేదు. చెవిలో హోరని కొందరంటారు, గుయ్యిమంటోందని కొందరు, కీచురాయి దూరి కూర్చుందని ఇంకొందరు. ఆయుర్వేదం దీన్ని కర్ణనాదం అంది. సుశ్రుతుడు లెక్కపెట్టిన 28 చెవి రోగాల్లో ఇదీ ఒకటి. ఇప్పటి వైద్యులు టినిటస్ అంటున్నారు. బయట ఏ చప్పుడూ లేకపోయినా చెవిలోనో తలలోనో మోత వినిపించడమే దీని లక్షణం. ప్రపంచంలోని పెద్దవారిలో సుమారు నూటికి 14 మందికి ఈ మోత ఉందనీ, దాన్ని తీవ్రంగా అనుభవించేవారు ఇద్దరేననీ 2022లో అనేక దేశాల సర్వేలను కలిపి చూసిన పరిశోధకులు తేల్చారు. మిగతా పన్నెండుమందిలో కొందరికి అది అప్పుడప్పుడూ వచ్చిపోయేదే కావచ్చు. అయినా ఒక సంగతి ఆలోచించాలి. మోత ఎంత పెద్దదో వినికిడి పరీక్ష గదిలో కొలిచి చూస్తే, చాలామందిలో అది వారు వినగలిగే అతి చిన్న చప్పుడు కంటే కొద్ది డెసిబెళ్లే ఎక్కువ ఉంటుంది. ఆ కొలతకూ, మనిషి పడే బాధకూ పొంతన సరిగా కుదరదు. అంటే చప్పుడు వేరు, బాధ వేరు. చప్పుడు పోకపోయినా బాధ తగ్గవచ్చు. నేను చెప్పదలచిందల్లా ఈ ఒక్క మాటే.

చప్పుడు ఎక్కడ పుడుతుందో తెలిస్తే ఈ మాట నమ్మకం కలిగిస్తుంది. లోపలి చెవిలో నత్తగుల్లలాంటి భాగంలో సుమారు 15,000 సన్నని రోమకణాలుంటాయి. పెద్ద చప్పుళ్ల వల్లో, వయసు వల్లో, కొన్ని మందుల వల్లో అవి చచ్చిపోతే మళ్లీ మొలవవు. చెవి నుంచి రావలసిన కబురు తగ్గేసరికి మెదడు తన వైపు నుంచి వాల్యూం పెంచుకుంటుంది. ఆ పెంపులో వినిపించేదే ఈ హోరు అని ఇప్పుడు ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. కాలు తీసేశాక కూడా లేని పాదం నొప్పి పెట్టడం లాంటిదే ఇది. కణితి తీసేటప్పుడు చెవి నరాన్నే కోసేయాల్సి వచ్చిన రోగుల్లోనూ చాలామందికి మోత ఆగలేదు. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు అమెరికన్లు, వినికిడి చక్కగా ఉన్న 80 మందిని చప్పుడు చొరబడని గదిలో ఒక్కొక్కరినే కూర్చోబెట్టారు. ఐదు నిమిషాలు గడవకముందే వారిలో నూటికి 94 మందికి ఏదో ఒక మోత వినబడింది. నిశ్శబ్దంలో చెవి రిక్కిస్తే మెదడు సొంత చప్పుడు దాదాపు ఎవరికైనా వినిపిస్తుందన్నమాట. రాత్రి కరెంటు పోయి ఫ్యాను ఆగగానే హోరు ఎందుకు లేచి నిలబడుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

వేమన ఓర్చుకోలేని చిన్న బాధలను ఏకరువు పెడుతూ చెవిలో దూరిన జోరీగను చేర్చాడు, చివరికి ఇంటి పోరు దగ్గర ఆగాడు. ఈ హోరును జనం జోరీగతో పోల్చుకుంటారు గానీ, నాకు ఇది ఇంటి పోరుకే దగ్గరగా కనిపిస్తుంది. జోరీగ బయటినుంచి వచ్చింది, తోలేస్తే పోతుంది. ఇంట్లో మనిషి పోడు. అతనితో రోజూ తగవుపడితే ఇల్లు నరకమవుతుంది. అలాగని ఆ మనిషి ఉన్నంతమాత్రాన ఇల్లు నరకమైపోదు. 1990లో జాస్ట్రెబాఫ్ అనే శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించిన నమూనా సారం ఇదే. మెదడు ఒక చప్పుడును ప్రమాదంగా ముద్ర వేసుకుంటే దాన్ని వదలదు, కాపలా కాస్తుంది. ఆ కాపలా వల్ల భయం, భయం వల్ల నిద్రలేమి, నిద్రలేమి వల్ల మోత మరింత పెద్దదిగా తోచడం, ఇదొక గానుగ. ప్రమాదం లేదని తెలిసిన చప్పుడును మాత్రం అదే మెదడు పక్కన పెడుతుంది. నరసరావుపేటలో రైలుకట్ట పక్కన కాపురముండే తల్లి గూడ్సు బండి వెళ్లినా లేవదు, పక్కలో బిడ్డ కదిలితే లేస్తుంది. చెవి రెండింటినీ విన్నది. ఏది పట్టించుకోవాలో మెదడు తేల్చింది.

పౌరుషానికి పేరుపడ్డ పల్నాటి సీమలో సర్దుకుపొమ్మంటే లొంగిపొమ్మన్నట్టే వినిపిస్తుంది. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయకూడదు. కానీ బయటి శత్రువుతో పోరాడితే శత్రువు బలం తగ్గుతుంది. ఈ హోరుతో పోరాడటమంటే దాన్ని గమనిస్తూ ఉండటమే, గమనించినకొద్దీ దానికే బలం. ఒప్పుకోవడమంటే బాగుందనడం కాదు. అది ఉండగానే నిద్రకూ, పనికీ, మాటకూ ముందు చోటివ్వడం. దీన్ని పద్ధతిగా నేర్పేదే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. 2020లో వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 28 పరిశోధనలను, 2,700 మందికి పైగా రోగులను కలిపి పరిశీలించింది. ఈ చికిత్స హోరు వల్ల బతుకు మీద పడే భారాన్ని తగ్గిస్తుందని తేల్చింది. లొంగిపోయినవారి భారం తగ్గదు.

మందుంటే ఇదంతా ఎందుకని అడగవచ్చు. హోరును ఖాయంగా ఆపే మాత్ర ఇంతవరకు లేదు. 2014లో అమెరికా చెవి వైద్యుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాలు జింకో మొక్క మందు, జింకు వంటివి ఇవ్వొద్దనే చెప్పాయి. నరాల బలహీనతని చెప్పి నెలల తరబడి సూదులు పొడిపించుకోవడంలో డబ్బు పోతుంది, ఈసారైనా ఆగిందా అని చెవిని పరీక్షించుకునే అలవాటు ముదురుతుంది. అయితే ఒప్పుకోవడానికి ముందు పరీక్ష తప్పదు. గులిమి అడ్డుపడినా, చెవిలో చీము పట్టినా మోత వస్తుంది, అవి నయమయ్యేవే. ఎక్కువ మోతాదు ఆస్పిరిన్, క్వినైన్ వల్లా రావచ్చు. ఒక్క చెవిలోనే మోగినా, నాడితో కలిసి కొట్టుకున్నా, తల తిరిగినా డాక్టరుకు చూపించాలి. వినికిడి హఠాత్తుగా పడిపోతే ఒక్కరోజు కూడా ఆగకూడదు. వినికిడి తగ్గినవారికి చెవి మిషను పెడితే బయటి చప్పుళ్లు మళ్లీ అందుతాయి, చాలామందికి లోపలి మోత వెనక్కి జరుగుతుంది.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం మరొకటి ఉంది. పిడుగురాళ్ల సున్నపు మిల్లులూ, దాచేపల్లి, మాచర్ల నాపరాతి క్వారీలూ, సిమెంటు ఫ్యాక్టరీలూ, చిలకలూరిపేట నూలు మిల్లులూ ఉన్న జిల్లా ఇది. చప్పుడు చేసేవారిని వదిలేసి, చెవి చెడినవాడినే సర్దుకోమనడం న్యాయమా? కాదు. వచ్చేసిన హోరును ఒప్పుకోవడం వేరు, రాబోయే చప్పుడును ఒప్పుకోవడం వేరు. 85 డెసిబెళ్ల మోతలో రోజుకు 8 గంటలకు మించకూడదనీ, ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ గడువు సగమవుతుందనీ అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. 100 డెసిబెళ్ల దగ్గర అది పావుగంటే. మన చట్టం చప్పుడు వల్ల వచ్చే చెవుడును వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు దాటకూడదన్నాయి. కూలికి చెవిమూతలు ఇవ్వమని యజమానిని అడగడం, కోటప్పకొండ తిరునాళ్లలో మైకులు హోరెత్తే ప్రభ పక్కన పసిపిల్లల్ని నిలబెట్టకపోవడం కూడా ఈ బాధకు చేసే వైద్యమే. కోపాన్ని అక్కడ ఖర్చుపెట్టాలి. సొంత చెవి మీద ఖర్చుపెడితే వృథా.

ఇక మాచర్లలోనో గురజాలలోనో కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ నేర్పేవారు దొరకడం కష్టమన్నదీ నిజమే. అయితే ఇంటి దగ్గర మొదలుపెట్టగలిగింది చాలా ఉంది. 1970లలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఒక రోగి ఫౌంటెన్ పక్కన నిలబడి, నీటి చప్పుడులో తన మోత వినబడటం లేదని గమనించాడు. అది చూసిన పరిశోధకుడు జాక్ వెర్నన్ మోతను కప్పే పరికరాల మీద పనిచేశాడు. మనకు మాచర్ల దాటితే 70 అడుగుల ఎత్తునుంచి దూకే ఎత్తిపోతల ఉంది. జలపాతాన్ని ఇంటికి తెచ్చుకోలేం, తెచ్చుకోనక్కర్లేదు కూడా. హోరును పూర్తిగా ముంచేయడం కంటే, దానిలో కలిసిపోయేంత చిన్న చప్పుడు పక్కన ఉంటేనే మెదడు అలవాటుపడుతుందని జాస్ట్రెబాఫ్ పద్ధతి చెబుతుంది. ఫ్యాను, సన్నగా పెట్టిన రేడియో, ఫోనులో వాన చప్పుడు చాలు. నిశ్శబ్దాన్ని వెతుక్కోవద్దు, రోజుకు పదిసార్లు చెవిని పరీక్షించుకోవద్దు. దిగులు మరీ ముంచేస్తే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లోవాళ్లకూ ఒక మాట. వినబడనిది లేదనుకోకండి. మీ నాన్నో అత్తో చెవిలో హోరంటే అదంతా భ్రమ అని కొట్టేయకుండా ఒక్కసారి నమ్మి, పరీక్షకు వెంట వెళ్లండి.