సాయన్‌లో సంక్రాంతి

సంక్రాంతి వస్తోందంటే అరిసెల పాకం, గొబ్బెమ్మలు, ముగ్గులు... మనకి ఊపిరాడదు కదూ! 2023లో మాత్రం ఆ హడావిడంతా తోటికోడలికి అప్పజెప్పి, భోగికి నాలుగు రోజుల ముందు రాజమండ్రిలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ముంబైలో ఉన్న మా అమ్మాయికి మగపిల్లాడు పుట్టాడు. బి.పి. ఉంది, ప్రయాణం వద్దని డాక్టరమ్మ అనడంతో పురిటికి పుట్టింటికి రాలేకపోయింది. ఆపరేషనయింది. మూడోరోజున ఫోన్లో ఒకటే ఏడుపు. "అమ్మా, నాకు పాలు పడలేదే!"

ఇంక నా సంచీ సంగతి చూడండి. వెల్లుల్లి కారం, బాలింత కాయం, ఎండబెట్టిన మునగాకు, రెండు పచ్చి బొప్పాయి కాయలు! సికింద్రాబాద్, షోలాపూర్, పుణె దాటి మర్నాడు తెల్లవారకముందే దాదర్‌లో దిగాను. అల్లుడు ట్యాక్సీలో సాయన్ తీసుకెళ్ళాడు.

గుమ్మంలో కాలు పెడుతూనే నేనన్న మొదటి మాట, "పాలు పడ్డాయా?" పిల్ల మొహం గోడవైపు తిప్పేసుకుంది. అలమరలో మూత తియ్యని పాలడబ్బా కనబడింది. నా గుండె కలుక్కుమంది. ఇదే పిల్ల పుట్టినప్పుడు మా అత్తగారు రోజుకి పదిసార్లు నన్నదే మాట అడిగేవారు. ఐదోరోజుకల్లా డబ్బాపాలు మొదలుపెట్టాం. పిల్ల సీసాకి అలవాటుపడి నా దగ్గర తాగడం మానేసింది, ఉన్న పాలూ ఇంకిపోయాయి. నాకసలు పాలే లేవని ఇన్నేళ్ళూ నమ్ముతూ వచ్చాను.

ఎదురింట్లో ఒక మరాఠీ పెద్దావిడ ఉంది. అందరూ కాకూ అంటారు. మన బాలింతని వాళ్ళు బాళంతీణ్ అంటారు, ఎంత దగ్గర మాటో చూడండి! ఆవిడ తుమ్మబంక వేయించి చేసిన డింక్ లడ్లు, అళీవ్ గింజలతో కొబ్బరి, బెల్లం కలిపిన లడ్లు తెచ్చింది. నేనూ నా సంచీ విప్పాను. కాకూ నవ్వి, "ఇవన్నీ తల్లి బలానికమ్మా. పాలు మాత్రం బిడ్డ నోరు పిలిస్తేనే వస్తాయి" అంది.

ఆవిడ కోడలికి ఏడో నెలలోనే కాన్పయిందట, సాయన్ ఆసుపత్రిలో. 1989లో మన దేశంలో మొదటి తల్లిపాల బ్యాంకు మొదలైంది అక్కడే. ఎక్కువ పాలున్న తల్లులు ఇచ్చిన పాలని 62.5 డిగ్రీల వేడిలో అరగంట ఉంచి, చల్లార్చి గడ్డకట్టించి దాస్తారు. నెలలు నిండని పసికందులకి, తల్లిపాలు అందని బిడ్డలకి పడతారు. కాకూ మనవడు మొదట్లో తాగినవి ఏ తల్లి పాలో! కోడలు మాత్రం మానకుండా మూడు గంటలకోసారి చేత్తో పిండుతూనే ఉండేదట. కొన్నాళ్ళకి తన బిడ్డకి పోగా మిగిలిన పాలు తనే బ్యాంకుకి ఇచ్చిందట! ఆ మాట విన్నాక మా అమ్మాయి లేచి కూర్చుంది.

ఆ రోజే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన చెప్పినవి మీకూ పనికొస్తాయి. ఆపరేషనయిన వాళ్ళకి పాలు పడడం ఒక్కోసారి ఆలస్యమవుతుంది. ముర్రుపాలు కొంచెమే ఉంటాయి, తొలిరోజు బిడ్డ పొట్టకి ఆ కొంచెమే చాలు. రాత్రీ పగలూ కలిపి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పట్టాలి, రాత్రిపూట అసలు మానకూడదు. మొన మాత్రమే కాక చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా బిడ్డ నోట్లోకి వెళ్ళాలి. ఐదో రోజు దాటాక రోజుకి ఆరు గుడ్డలైనా తడిపితే పాలు చాలుతున్నట్టే. మొదట్లో తగ్గిన బరువు రెండు వారాలకల్లా తిరిగి రావాలి. గుడ్డలు తడపకపోయినా, బిడ్డ మగతగా పడుకుని తాగకపోయినా వెంటనే డాక్టరుకి చూపించాలి. ఆయన పైపాలు పట్టమంటే పట్టండి, అందులో తప్పేం లేదు.

మర్నాడు లోకల్ ఎక్కి మాటుంగా వెళ్ళాను, సాయన్ నుంచి ఒక్క స్టేషనే. 2017లో అక్కడ ఉద్యోగులందరినీ ఆడవాళ్ళనే పెట్టారు. టిక్కెట్టిచ్చిన అమ్మాయిని చూస్తే నాకెంత గర్వమనిపించిందో! బజారంతా మన దక్షిణాది వాళ్ళదే. అరిటాకులు, మల్లెదండలు, కరివేపాకు, కళకళలాడే మునగాకు! ఎండు మునగాకు రాజమండ్రి నుంచి మోసుకొచ్చినందుకు నాకే నవ్వొచ్చింది.

పండగనాడు కాకూ నువ్వులుండలు తెచ్చింది. "తిళ్‌గుళ్ ఘ్యా, గోడ్ గోడ్ బోలా" అంటూ చేతిలో పెట్టింది. నువ్వులుండ తీసుకోండి, తియ్యగా మాట్లాడండి అని అర్థం. సంక్రాంతికి అక్కడ అందరూ అనుకునే మాటే, నాకు మాత్రం నాకోసమే అన్నట్టనిపించింది.

ఆ ఉండ తుంచి పిల్ల నోట్లో పెట్టి, "ఇవాళెన్ని గుడ్డలు తడిపాడే?" అన్నాను.

"ఏడమ్మా!" అంది. ఎన్నాళ్ళకి నవ్విందో!

మీ ఇంట్లోనూ బాలింతరాలుంటే మునగాకు కూర వండిపెట్టండి, రాత్రి కాసేపు బిడ్డని ఎత్తుకుని ఆ పిల్లని నిద్రపోనివ్వండి. "పాలు పడ్డాయా?" అని మాత్రం అడక్కండి.