ముందు మనుషులు, తర్వాతే వడ్లు

కోరుట్ల నుంచి వేములవాడ పోయే తోవలో ఉండే మా రుద్రంగికి సముద్రం చాలా దూరం. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తర్వాత కోస్తాలో తుఫాను ఆశ్రయ భవనాలు కట్టారు. మా దిక్కు అట్లాంటివి లేవు. మాకు వచ్చేది గాలి దుమారం, రాళ్లవాన, పిడుగు. పొద్దంతా ఎండ కాస్తుంది. మాపటికి మొగులు నల్లబడుతుంది. చూస్తుండగానే దుమారం ఊరి మీద పడుతుంది. అదీ యాసంగి వడ్లు కల్లాల్లో, కొనుగోలు కేంద్రాల్లో ఆరబోసి ఉన్న రోజుల్లోనే.

2023 ఎండాకాలాన్ని మా దిక్కు రైతులు మరిచిపోలేరు. మార్చిలో ఒకసారి రాళ్లవాన పడ్డది. ఏప్రిల్ చివర్లో మళ్లీ పడి కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల్లో కోతకొచ్చిన వరిని రాల్చింది. ఎకరాకు 10,000 రూపాయల సాయం ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఫోన్లో హెచ్చరిక వచ్చింది: రాబోయే మూడు గంటల్లో ఉరుములు, మెరుపులు, ఈదురుగాలులు. బాపు అప్పుడు వడ్ల కుప్ప కాడ ఉన్నడు. అమ్మ పరదా చంకన పెట్టుకొని గడప దాటబోయింది. నాయనమ్మ అడ్డం నిలబడ్డది.

"వడ్లు తడిస్తే మల్ల ఎండుతయి బిడ్డా. మనిషి పోతే మల్ల రాడు. ముందుగాల వాన్ని ఇంటికి పిలువుండ్రి."

నేను ఫోన్ చేస్తే బాపు, "సగం కుప్ప కప్పనే లేదు, ఎట్ల రావాలె?" అన్నడు. ఆరు నెలల కష్టం కళ్ల ముందు ఆరబోసి ఉంటే వదిలి రావడం ఎవరికైనా కష్టమే. నాయనమ్మ ఫోన్ గుంజుకొని గట్టిగా పిలిచేసరికి వచ్చిండు. వస్తూనే యాప చెట్టు కింది బర్రెను విప్పి కొట్టంలో కట్టిండు.

మా ఇంట్లో ముందరి భాగం గూన పెంకులది. వెనక ఒక్క అర్రకే స్లాబు ఉంది. తమ్ముడు దుబాయి నుంచి పంపిన పైసలతో వేసింది. అందరం అందులోకి చేరాం. పక్కింటి రేకుల ఇంట్లో వాళ్లను, పిల్లలతో సహా పిలుచుకున్నాం. ప్లగ్గులు పీకేశాం, కిటికీ మూసేశాం. పిడుగు శబ్దం వినబడ్డప్పుడల్లా నాయనమ్మ "అర్జునా, ఫల్గుణా" అనుకుంటూ పిల్లలను దగ్గరికి తీసుకుంది. ముందరింటి పెంకుల మీద రాళ్లు పడి పగులుతుంటే ఎవరం మాట్లాడలేదు. ఆఖరి ఉరుము విన్నాక కూడా అరగంట దాకా నాయనమ్మ ఎవరినీ బయటికి పోనియ్యలేదు. తెల్లారి చూస్తే కుప్ప అడుగు తడిసింది. మళ్లీ ఆరబోసుకున్నం.

మరుసటి ఏడు, 2024 ఏప్రిల్ 16న, దుబాయిలో 75 ఏళ్లలో ఎరగని వాన పడ్డది. ఆ రోజు తమ్మునికి ఫోన్ చేసి నాయనమ్మ అన్న మాట ఒక్కటే: "పని పోతే పోనీ, నువ్వు రూం దాటకు." మా ఊళ్లలో ఎన్నో ఇళ్లకు గల్ఫ్‌లో ఒక మనిషి ఉంటాడు. వాన ఇక్కడ పడ్డా, అక్కడ పడ్డా భయపడేది ఒకే ఇల్లు.

ఇప్పుడు హెచ్చరికలకు లోటు లేదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధనా సంస్థ తెచ్చిన 'దామిని' యాప్ 20 నుంచి 40 కిలోమీటర్ల దూరంలో పిడుగు ముప్పు ఉండగానే చెబుతుంది. ఫోన్ లేకున్నా లెక్క తెలుసుకోవచ్చు: మెరుపుకు, ఉరుముకు నడుమ ప్రతి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై సెకన్లలోపు ఉరుము వినబడితే ఇంట్లోకి పోవాల్సిందే. చెట్టు కింద నిలబడటం చాలా ప్రమాదం. పిడుగు మాను మీద పడ్డా కరెంటు నేల వెంట పాకి మనిషికీ పశువుకూ తగులుతుంది.

ఇంత తెలిసీ రైతు కల్లం విడిచి ఎందుకు రాడు? అతని పంటకు నీడ లేదు కనుక. 2025 ఆగస్టులో మా సిరిసిల్ల జిల్లాలోనే నర్మాల దగ్గర ఎగువ మానేరు వరదలో చిక్కుకున్నవాళ్లను హెలికాప్టర్లతో కాపాడారు. ఆ సాయానికి దండం పెట్టాలి. కానీ ప్రతి కొనుగోలు కేంద్రానికీ ఒక గట్టి షెడ్డు, సరిపడా పరదాలు ఉంటే ఎన్నో ప్రాణాలు ముప్పులో పడకముందే ఇల్లు చేరతాయి. రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు. మొగులైన పూట వాటి తలుపులు, బడుల తలుపులు తెరిచి ఉంచితే రేకుల ఇళ్ల వాళ్లకు ఆసరా అవుతాయి. ఈ పని పంచాయతీలు ఈ ఎండాకాలమే మొదలుపెట్టాలి.

మనం చేయగలిగింది ఒకటుంది. ఫోన్లో హెచ్చరిక మోగగానే బయట ఉన్న మన మనిషిని పిలుద్దాం. పక్కన రేకుల ఇల్లుంటే వాళ్లనూ పిలుద్దాం. కుప్ప సంగతి వాన వెలిసినంక చూసుకోవచ్చు.