చిన్నాన్న గాలానికి రీలు

మా చిన్నాన్నకు గాలపు రీలొకటి కొనాలన్నది సంకల్పం. వెల రెండువేల రూపాయలు దాటరాదన్నది నియమం. ఈ రెంటి నడుమ నెల రోజులు నేను పడిన మీమాంసే ఈ టపా.

పెద్దదోర్నాల వారికి చేపల వేటేమిటని మిత్రులు నవ్వవచ్చు. మాది శ్రీశైలం దారిలో, నల్లమల అంచున ఉన్న మెట్ట ప్రాంతం. పక్కనే ఉన్న అడవి నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం కనుక అక్కడి వాగుల్లో గాలం వేయరాదు. అయినా చిన్నాన్నకు గాలమంటే ప్రాణం. ఏడాదికి నాలుగైదుసార్లు మార్కాపురం మీదుగా కంభం వెళ్లి, చేపల హక్కు ఉన్నవారి అనుమతి అడిగి, చెరువు గట్టున కూర్చునేవారు. గుండ్లకమ్మకు అడ్డంగా కొండల నడుమ కట్టిన ఆ చెరువును గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని ప్రసిద్ధి. 2020లో దానికి అంతర్జాతీయ సాగునీటి వారసత్వ కట్టడంగా గుర్తింపు కూడా వచ్చింది. చిన్నాన్నకు మాత్రం అది శీలావతులూ బొచ్చెలూ తిరిగే నీరు, అంతే.

ఆయనది చేతిగాలం. తానే చెక్కుకున్న జీలుగ బెండు, వేరుశనగ చెక్క కలిపిన తవుడు ముద్ద, కొయ్యముక్కకు చుట్టిన దారం. చేప పడితే ఒక చేత్తో లాగి, రెండో చేత్తో అందుకోవాలి. రెండేళ్ల క్రితం పక్షవాతం వచ్చి కుడిచేయి చచ్చుబడింది. ఇప్పుడు మోచేయి వంగుతుంది, మణికట్టు కొంత ఆడుతుంది. వేళ్లకు మాత్రం పట్టు లేదు, స్పర్శ లేదు. అప్పటినుండి కంభం మాట ఎత్తడం మానేశారు. అడిగితే "చెరువులో నీళ్లెక్కడివిరా" అంటారు. నీళ్లున్న ఏడూ అదే మాట అన్నారు. రీలు ఆలోచన అప్పుడే పుట్టింది.

బెండు గాలానికి తగిన రీలేదని వెదికితే ముందుగా ఎదురయ్యేది ఉత్తర అమెరికావారి స్టీల్‌హెడ్ వేట. స్టీల్‌హెడ్ అంటే వేరే జాతి కాదు. సముద్రానికి వెళ్లి పెరిగి, గుడ్లు పెట్టడానికి పుట్టిన నదికి మరలివచ్చే రెయిన్‌బో ట్రౌటే. పందొమ్మిదవ శతాబ్దంలోనే దానిని అక్కడి మహాసరస్సులకూ తరలించారు. దానికోసం బెండు వేసేవారిలో చాలామంది మెచ్చేది సెంటర్‌పిన్ రీలు. ఇరుసు మీద తేలికగా తిరిగే చక్రం, అంతకుమించి ఏమీ లేదు. ప్రవాహం బెండును లాక్కుపోతుంటే చక్రం తానే తిరుగుతూ దారం వదులుతుంది. ఎర నీటి వేగంతోనే సహజంగా సాగుతుంది. చేప పరుగెత్తినప్పుడు చక్రపు అంచు మీద వేలు ఆనించి నిలువరిస్తారు. చూడ ముచ్చటైన పనితనం. మంచివాటి వెల వందల డాలర్లు.

కానీ కంభం చెరువులో ప్రవాహం ఏది? నిలిచిన నీటిలో ఆ చక్రాన్ని తిప్పేవారు లేరు. పైగా దాని బిగింపంతా వేలికొసలోనే ఉంది. చిన్నాన్నకు లేనిది సరిగ్గా అదే. బెయిట్‌కాస్టర్ రకానికి బొటనవేలి నేర్పు కావాలి. ఏమరితే దారం పిట్టగూడవుతుంది. దాని పిడి ఏ వైపున తయారైతే ఆ వైపే, మార్చడానికి వీలుండదు. మీట నొక్కితే దారం వదిలే మూతరీలు సులభమే, చవకే. అయితే నేను చూసినవాటిలో దారం తక్కువ పడుతుంది, బిగింపు బలహీనం. అయిదారు కిలోల బొచ్చె పరుగు తీస్తే ఆగదు.

చివరికి నిలిచింది స్పిన్నింగ్ రీలు. 1905లో ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ అనే ఆంగ్లేయుడు దీనికి పేటెంటు పొందాడు. నూలు మిల్లుల కుటుంబంవాడు. కదలని కండె కొసనుండి నూలు జారిపోయే తీరే దీనికి మూలం. మగ్గం ఎరిగినవారికి విడమరచి చెప్పనక్కరలేదు. మాకు పనికివచ్చిన గుణం మరొకటి: దీని పిడిని విప్పి ఏ వైపుకైనా బిగించుకోవచ్చు. కర్రను పంగ మీద ఆనించి, చేప పడగానే ఎడమచేత్తో ఎత్తి, మొదలును కుడి చంకలో ఇరికించి, ఎడమచేత్తోనే చుట్టవచ్చు.

చవక రీళ్ల డబ్బాల మీద బేరింగుల సంఖ్యను గొప్పగా అచ్చువేస్తారు. దానికి లొంగనక్కరలేదు. నేను చూసినవి నాలుగే. దారం మలుపు తిరిగే చిన్న రోలరు నిజంగా తిరుగుతోందా? కండె అంచున దూది రాస్తే పోగు చిక్కుకుంటోందా? పిడి వెనక్కు ఊగుతోందా? అన్నిటికన్నా ముఖ్యం, ముందున్న మరను బిగించి లాగితే దారం కుదుపు లేకుండా జారుతోందా? ఆరు కిలోలు ఆగే దారానికి ఆ బిగింపును స్ప్రింగు కాటాతో లాగి చూసి, కిలోన్నర దగ్గర స్థిరపరిచాను. చేప దారాన్ని లాక్కుపోతున్నంతసేపూ పిడి తిప్పకూడదు. తిప్పితే దారం మెలిపడుతుంది.

పద్నాలుగు వందలకు 3000 సైజు రీలు వచ్చింది. మిగిలిన డబ్బుతో 0.30 మిల్లీమీటర్ల నైలాన్ దారం నూటయాభై మీటర్లు, గాలాలు తీసుకున్నాను. కర్ర ఇంట్లో ఉన్నదే. బెండు కొనబోతే చిన్నాన్న ఒప్పుకోలేదు. జీలుగ ముక్కను మోకాళ్ల మధ్య బిగించి ఎడమచేత్తో చెక్కడం మొదలుపెట్టారు.

నిన్న సాయంత్రం వీధిలో అభ్యాసం. దారం కొస నేను పట్టుకుని చేపలా పరుగెత్తాను, ఆయన అరుగు మీద కూర్చుని చుట్టారు. వీధివారికి మంచి వినోదం. నాలుగోసారికి నేను పరుగెత్తేటప్పుడు పిడి ఆపి, అలసినప్పుడు తిప్పడం పట్టుబడింది. "ఇంకా దూరం పో" అని కేకేశారు. చీకటిపడేదాకా పరుగెత్తాను.

కంభంలో నీటి మట్టం సంగతి ఈ ఉదయం ఆయనే ఫోన్ చేసి కనుక్కున్నారు. వచ్చే ఆదివారం ప్రయాణం. ఇక మిగిలిన చిక్కొకటే: ఒంటిచేత్తో గాలానికి ఎర గుచ్చడం ఎలా? ఉపాయం తెలిసినవారు చెప్పగలరు.