సుల్తాను సంతకం ఎవరు గీశారు?

ఇస్తాంబుల్‌లో ఇబ్రహీం పాషా మహలు ఇప్పుడు టర్కిష్, ఇస్లామిక్ కళల మ్యూజియం. సులేమాన్ సుల్తాను దగ్గర ప్రధాన వజీరుగా ఒక వెలుగు వెలిగిన ఈ ఇబ్రహీం, 1536లో అదే సుల్తాను ఆజ్ఞతో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ సంగతి ఎరిగి అక్కడున్న సుల్తాను ఫర్మానాల ముందు నిలబడితే, పైనున్న తుగ్రాను ఉత్త అలంకారం అనుకోలేం.

తుగ్రా ఒట్టోమన్ సుల్తాను సంతకమూ, రాజముద్రా కూడా. అడుగున కుప్పగా అక్షరాలు. వాటిలోంచి నిటారుగా లేచిన మూడు గీతలు. ఎడమకు ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు కోలవలయాలు, కుడికి బారుగా సాగిన వాటి కొసలు. గాజుకు ముక్కు ఆనేంత దగ్గరగా వంగి చూశాను. వలయాల లోపలంతా నీలం, బంగారు రంగుల సన్నతీగలు, వాటికి చిట్టి పూలు. అంత పెద్ద వంపులోనూ కలం ఎక్కడా వణకలేదు.

ఇంతా చేసి సులేమాన్ తుగ్రాలో ఉన్నది ఒక్క ముక్క: సెలీం షా ఖాన్ కొడుకు సులేమాన్ షా, ఎల్లప్పుడూ విజేత. సుల్తాను మారితే పేర్లు మారతాయి, రూపం మాత్రం దాదాపు అదే. పేరులో సరిపడా నిలువు అక్షరాలు లేకున్నా గీతలు మూడూ ఉండాల్సిందే. చదువు రానివాడు కూడా చూడగానే హడలిపోవాలి కదా! నన్ను ఆశ్చర్యపరిచింది మరొకటి. తుగ్రా సుల్తాను తన చేత్తో చేసిన సంతకం కాదు. నిషాంజీ అనే అధికారి, ఆయన కింది లేఖకులు గీసేవారు. ప్రభువు పేరిట అధికారం చలాయించేది దస్తరమేనని ఇంత అందంగా ఒప్పుకున్న రాజ్యం మరొకటి ఉందా అనిపించింది.

1863లో వచ్చిన తొలి ఒట్టోమన్ తపాలా బిళ్లల మీద కూడా సుల్తాను ముఖం లేదు, తుగ్రాయే. టర్కీ రిపబ్లిక్ అయ్యాక, ప్రభుత్వ భవనాల మీది తుగ్రాలను తీసేయాలి, లేదా కప్పేయాలి అని 1927లో చట్టం చేశారు. మరుసటి ఏడే టర్కీ భాష లిపి కూడా మారింది. నా పక్కన నిలబడ్డ టర్కీ బడిపిల్లలకు ఆ అక్షరాలు నాకెంత తెలుసో అంతే తెలుసు.

బయట ఒక కుర్రాడు పర్యాటకుల పేర్లు తుగ్రాలా రాసి అమ్ముతున్నాడు. నా పేరొక్కటే అడిగాడు. నాన్న పేరు లేకపోతే తుగ్రా ఎలా అవుతుందన్నాను. నవ్వి అదీ చేర్చాడు. ‘ఎల్లప్పుడూ విజేత’ కూడా వేయమంటారా, దానికి వేరే డబ్బులక్కర్లేదు అన్నాడు. వేయమన్నాను.